పాటల పెట్టె ఎలా కొనాలి? ఎక్కడ పెట్టాలి?

ఒకే పాట ఒకరి ఇంట్లో తీయగా, స్పష్టంగా వినిపిస్తుంది. అదే పాట మరొకరి ఇంట్లో గణగణమంటూ, మాట మాటలో కలిసిపోయి వినిపిస్తుంది. రెండో ఇంట్లో ఉన్న పెట్టె ఖరీదు ఎక్కువే కావచ్చు! మీరెప్పుడైనా ఇది గమనించారా? దీనికి కారణం ఏమిటి? పెట్టెలో లోపమా? పాటలో లోపమా? లేక మనం ఆలోచించని మరేదైనా ఉందా?

ఇది తెలుసుకోవడానికి మనమొక ఊరికి వెళ్దాం. ఆ ఊరు బాన్సువాడ. 2016 వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కామారెడ్డి జిల్లాలో చేరింది. మంజీర నదిపై 1923-1931 సంవత్సరాల మధ్య కట్టిన నిజాంసాగర్ నీళ్లు కాలువల ద్వారా ఈ ప్రాంతపు పొలాలకు పారుతాయి. వరి ఇక్కడి ముఖ్యమైన పంట.

ఆ ఊళ్లో ఒక ఇల్లు ఉందనుకోండి. యాసంగి వడ్లు అమ్మిన డబ్బులో కొంత మిగిలింది. ఇంట్లోకి ఒక మంచి పాటల పెట్టె కొనాలని నాన్న అనుకున్నాడు. "బాపూ, వెయ్యి వాట్లది తెద్దాం. వీధి చివరిదాకా వినపడాలె" అన్నాడు అన్న. నాయనమ్మకు అంత హోరు అక్కర్లేదు. ఆమెకు పొద్దున వార్తలు, సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం వినబడితే చాలు. కానీ కొంతకాలంగా ఆమె ఒక మాట అంటోంది: "సప్పుడు ఇనస్తుంది గని, మాట సమజైతలేదు బిడ్డా!"

అన్న కోరిక ఒకటి, నాయనమ్మ అవసరం మరొకటి. ఉన్న డబ్బు మాత్రం కొద్దిదే. తప్పుగా కొంటే మళ్లీ కొనడానికి ఇంకో పంట దాకా ఆగాలి. ఆ ఇంటి పిల్లలు మీరే అయితే నాన్నకు ఏం సలహా ఇస్తారు? రండి, మొదటినుంచి ఆలోచిద్దాం.

కాగితం పాడుతుంది!

కాలువలో ఒక రాయి వేస్తే అలలు గుండ్రంగా వ్యాపిస్తాయి కదా! ధ్వని కూడా అలాగే గాలిలో అలలుగా వ్యాపిస్తుంది. అయితే నీటి అలలు పైకీ కిందికీ లేస్తాయి. ధ్వని తరంగాలలో గాలి ఒకచోట దగ్గరగా నొక్కుకుంటుంది, మరొకచోట పలచబడుతుంది. ఈ నొక్కుడు, పలచన ఒకదాని వెంట ఒకటి ప్రయాణిస్తాయి. మన ఎండల్లో, 30 డిగ్రీల వేడిలో ఇవి సెకనుకు సుమారు 350 మీటర్లు పోతాయి.

సెకనుకు ఎన్ని కంపనాలు జరుగుతాయో ఆ సంఖ్యను పౌనఃపున్యం అంటారు. దాన్ని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. మంచి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. డప్పు మోతలో తక్కువ పౌనఃపున్యం గల ధ్వనులు ఎక్కువ. గజ్జెల గలగలలో ఎక్కువ పౌనఃపున్యం గలవి ఎక్కువ.

మరి పెట్టెలో ధ్వని ఎలా పుడుతుంది? లౌడ్‌స్పీకరు ముందు భాగంలో ఒక శంకువు కనిపిస్తుంది. అది తరచు గట్టి కాగితంతో చేసినదే. దాని వెనక సన్నని తీగచుట్ట ఉంటుంది. ఆ తీగచుట్ట ఒక అయస్కాంతపు సందులో వేలాడుతుంది. తీగలో విద్యుత్తు ప్రవహిస్తే అదీ అయస్కాంతంలా మారుతుంది కదా! విద్యుత్తు ఒక దిశలో పోతే చుట్ట ముందుకు తోసుకువస్తుంది, దిశ మారితే వెనక్కి పోతుంది. దాంతోపాటు కాగితపు శంకువు ముందుకూ వెనక్కూ ఊగి గాలిని నెడుతుంది. అదే పాట! 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు ఈ రకం స్పీకరుకు చక్కని రూపం ఇచ్చారు. నేటికీ మన ఇళ్లలోని స్పీకర్లు చాలావరకు అదే సూత్రం మీద పనిచేస్తున్నాయి.

స్పీకరుకు పెట్టె ఎందుకు? అందం కోసమేనా? కాదు. శంకువు ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. నొక్కుకున్న గాలి అంచుల చుట్టూ తిరిగి వెనక్కి పోయి ఆ పలచనను పూడ్చేస్తుంది. అప్పుడు ధ్వని చాలావరకు రద్దయిపోతుంది. మంద్రస్వరాలకు ఈ నష్టం మరీ ఎక్కువ. పెట్టె ఈ దారిని మూసేస్తుంది. కొందరు స్పీకరును మట్టికుండ మూతికి బిగించి పాటలు వినడం మీరు చూసి ఉంటారు. ఆ కుండ కూడా ఒక పెట్టే!

వాట్ల మాయ

ఇప్పుడు అన్న కోరిన వెయ్యి వాట్ల సంగతి చూద్దాం.

ధ్వని తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. మామూలు సంభాషణ మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్‌లు ఉంటుంది. ఒక మామూలు ఇంటి స్పీకరుకు ఒకే ఒక్క వాటు విద్యుత్తు ఇస్తే, మీటరు దూరంలో సుమారు 87 డెసిబెల్‌ల ధ్వని వస్తుంది. అంటే ఒక్క వాటే మన మాటలకన్నా ఎంతో బిగ్గరగా మోగిస్తుంది!

మరి వాట్లు పెంచితే? ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. వాట్లను రెట్టింపు చేస్తే 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతాయి. ఆ తేడా చెవికి కొద్దిగానే తెలుస్తుంది. వాట్లను పదిరెట్లు చేస్తే 10 డెసిబెల్‌లు పెరుగుతాయి. చెవికి అది సుమారు రెండింతలు బిగ్గరగా తోస్తుంది. అంటే 50 వాట్ల పెట్టెకు బదులు 100 వాట్ల పెట్టె కొంటే ధ్వని రెండింతలు కాదు; కొంచెం పెరుగుతుంది, అంతే! డప్పు దెబ్బవంటి ఆకస్మిక ధ్వనులకు కొంత నిల్వ శక్తి కావాలి కనుక ఒక్కో స్పీకరుకు 20, 30 వాట్లు ఉంటే మామూలు గదికి బాగా సరిపోతుంది.

మరి దుకాణాల్లో చిన్న చిన్న పెట్టెల మీద 1000, 2000 అని రాసి ఉంటుందే! అది నిజమేనా? దాన్ని మీరే పరీక్షించవచ్చు. పెట్టె వెనక భాగంలో గాని, దానితోపాటు ఇచ్చే అడాప్టరు మీద గాని చిన్న అక్షరాలతో వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉందనుకోండి. రెండింటినీ హెచ్చిస్తే 24 వాట్లు. లోపలికి 24 వాట్లు పోతుంటే బయటికి ఎడతెగకుండా 1000 వాట్లు ఎలా వస్తాయి? కుండలో పోసిన నీళ్లకన్నా ఎక్కువ నీళ్లు కుండలోంచి తీయగలమా? శక్తి నిత్యత్వ సూత్రం దుకాణంలోనూ పనిచేస్తుంది! ఆ పెద్ద అంకె కన్ను మూసి తెరిచేంత కాలంలో రాగల అత్యధిక శక్తిని ఊహించి వేసినది. పీఎంపీఓ అని దాని పక్కన రాసి ఉంటే దాన్ని పక్కన పెట్టండి. ఆర్ఎంఎస్ అని రాసిన అంకెనే చూడండి. ఎడతెగకుండా ఇవ్వగల శక్తిని తెలిపేది అదే.

కొనే ముందు పెట్టెను విని చూడాలి. మీకు బాగా తెలిసిన పాటొకటి, మాటలే ఉన్న వార్తలో కథో మరొకటి తీసుకుపోండి. పాటలో వేణువు, తబలా, గొంతు వేర్వేరుగా తెలుస్తున్నాయా? మగ గొంతు పీపాలోంచి మాట్లాడినట్టు ఉందా? రెండు పెట్టెలను పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే బిగ్గరతనంతో వినండి. ఎందుకంటే ఏది కాస్త బిగ్గరగా ఉంటే అదే బాగున్నట్టు మన చెవికి భ్రమ కలుగుతుంది.

మరో సంగతి. పెట్టెలోకి వచ్చేది మంచిదైతేనే బయటికి వచ్చేది మంచిదవుతుంది. మీడియం వేవ్ రేడియోలో సుమారు 5,000 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనులే చక్కగా అందుతాయి. ఎఫ్.ఎం. రేడియోలో 15,000 హెర్ట్జ్ దాకా అందుతాయి. 1982లో అమ్మకానికి వచ్చిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి అంకెలుగా దాచారు. అందుకే చెవి వినగలిగే 20,000 హెర్ట్జ్ దాకా అందులో పడుతుంది.

రెండు స్పీకర్లు ఎందుకు?

కళ్లు మూసుకుని కూర్చోండి. మీ స్నేహితుణ్ణి గదిలో ఎక్కడైనా నిలబడి చప్పట్లు కొట్టమనండి. అతడు ఎటున్నాడో వేలితో చూపగలరు కదా! ఎలా? ధ్వని కుడివైపు నుంచి వస్తే ముందు కుడి చెవిని చేరుతుంది. ఎడమ చెవిని చేరడానికి సెకనులో వెయ్యోవంతుకన్నా తక్కువ కాలం ఆలస్యమవుతుంది. తల అడ్డుపడటం వల్ల ఆ చెవికి కాస్త మెల్లగా కూడా వినిపిస్తుంది. ఆ చిన్న తేడాలనుంచే మెదడు దిక్కును లెక్కకడుతుంది.

ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఒకసారి సినిమా చూస్తుండగా, నటుడు తెరమీద ఒకవైపు ఉంటే గొంతు మరోవైపు నుంచి రావడం అతనికి వింతగా తోచిందని చెబుతారు. ధ్వనిని రెండు దారుల్లో రికార్డు చేసి రెండు స్పీకర్లలో వినిపించే పద్ధతికి అతడు 1931లో పేటెంటు కోరాడు. మనం ఇప్పుడు స్టీరియో అంటున్నది అదే.

స్టీరియో ఫలితం దక్కాలంటే రెండు స్పీకర్లు, వినే మనిషి కలిసి సమబాహు త్రిభుజంలా ఉండాలి. స్పీకర్ల మధ్య 2 మీటర్లు ఉంటే, వినే మనిషి ఒక్కొక్క దానికీ 2 మీటర్ల దూరంలో కూర్చోవాలి. అప్పుడు గాయకుడు రెండు స్పీకర్ల నడుమ, ఏ స్పీకరూ లేని చోట నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది! రెండు స్పీకర్లనూ ఒకే బీరువా మీద పక్కపక్కన పెడితే ఆ వింత పోతుంది.

ఎత్తు సంగతి కూడా మరవకండి. స్పీకరులోని చిన్న శంకువు హెచ్చుస్థాయి ధ్వనులను చేతిదీపపు వెలుగులా సూటిగా పంపుతుంది. అది మన చెవి ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుంటే చెవి సుమారు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. మన ఇళ్లలో చాలామందిలా చాపమీద కూర్చుంటే ఇంకా కిందికి వస్తుంది. స్పీకరును అటక మీద పెట్టి కింద చాప వేసుకుని వింటే గజ్జెల గలగల మన తలమీదుగా పోతుంది!

గది కూడా పాడుతుంది

ఇప్పుడు అసలు రహస్యానికి వచ్చాం. మీరు వినే ధ్వనిలో కొంతే స్పీకరు నుంచి నేరుగా వస్తుంది. మిగిలినదంతా గోడలకు, నేలకు, కప్పుకు తగిలి తిరిగి వస్తుంది. హైదరాబాదు దగ్గరి గోల్కొండ కోటకు వెళ్లినవారికి ఈ సంగతి తెలుసు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరంలో, కొండపైన ఉన్న బాలాహిస్సారులో వినిపిస్తుంది. ధ్వనిని తిప్పికొట్టే రాతి గుమ్మటం చేసే పని అది.

మన ఇళ్లలో నేలకు నాపరాళ్లో, టైల్సో ఉంటాయి. గోడలు సిమెంటువి. పైన స్లాబు. ఇవన్నీ ధ్వనిని దాదాపు మొత్తంగా తిప్పికొట్టేవే. ఒక మాట అన్న తర్వాత అది చప్పున ఆగిపోదు. గోడనుంచి గోడకు తిరుగుతూ మెల్లగా అణగిపోతుంది. ఈ సాగుడును ప్రతినాదం అంటారు. అది ఎక్కువైతే మొదటి మాట తోక రెండో మాట నెత్తిన పడుతుంది.

దీన్ని మొట్టమొదట కొలిచి లెక్కలో పెట్టినవాడు వాలెస్ సబీన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాస మందిరం ఉండేది. అందులో అధ్యాపకుడి మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒక్క మాట ఐదున్నర సెకన్లపాటు గింగురుమనేది! దాన్ని బాగుచేయమని యువ అధ్యాపకుడైన సబీన్‌కు చెప్పారు. సబీన్ ఏం చేశాడో తెలుసా? రాత్రివేళ, ఊరు సద్దుమణిగాక, దగ్గరలోని నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు తెప్పించాడు. కొన్ని పరచి ఒక ఆర్గన్ గొట్టాన్ని ఊదించేవాడు, ఆపించేవాడు. ధ్వని పూర్తిగా అణగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో కొలిచేవాడు. మరికొన్ని మెత్తలు పరచి మళ్లీ కొలిచేవాడు. తెల్లవారకముందే మెత్తలన్నీ తిరిగి చేర్చాలి! ఇలా ఎన్నో రాత్రులు శ్రమించి అతడు ఒక సూత్రం కనుగొన్నాడు. దాన్ని మనం ఇలా రాసుకోవచ్చు:

ప్రతినాద కాలం (సెకన్లలో) = 0.161 × గది ఘనపరిమాణం ÷ గదిలోని మొత్తం శోషణ

శోషణ అంటే ధ్వనిని పీల్చుకోవడం. దాన్ని కొలవడానికి సబీన్ ఎన్నుకున్న ప్రమాణం ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ! దానిలోంచి పోయిన ధ్వని ఇక తిరిగిరాదు. కనుక ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక ప్రమాణం.

మన బాన్సువాడ ఇంటి గదికి ఈ లెక్క వేద్దాం. పొడవు 4 మీటర్లు, వెడల్పు 3.5 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. ఘనపరిమాణం 42 ఘనపు మీటర్లు. నేల 14, కప్పు 14, నాలుగు గోడలు 45. మొత్తం 73 చదరపు మీటర్లు. రాయి, సిమెంటు తమకు తగిలిన ధ్వనిలో నూటికి 3 వంతులే పీల్చుకుంటాయనుకుందాం. మొత్తం శోషణ 73 × 0.03, అంటే సుమారు 2.2. ఇక 0.161 × 42 ÷ 2.2 = సుమారు 3 సెకన్లు. ఖాళీ గదిలో తలుపులు మూసి మాట్లాడితే మాట మూడు సెకన్లు సాగుతుందన్న మాట!

ఇప్పుడు 2 చదరపు మీటర్ల తలుపు, 1 చదరపు మీటరు కిటికీ తెరుద్దాం. శోషణ 5.2 అయింది. కాలం 1.3 సెకన్లకు తగ్గింది. నలుగురు మనుషులు వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరు సుమారు 0.45 చొప్పున 1.8 పీల్చుకుంటారు. శోషణ 7, కాలం ఒక సెకను కన్నా కొంచెం తక్కువ. ఇక అమ్మ నేలమీద మందపాటి బొంత పరచి, గోడవారగా పరుపులు పెట్టి, మడతలు మడతలుగా దళసరి తెర కట్టింది. మొత్తం 8 చదరపు మీటర్లు. అవి నూటికి 40 వంతులు పీల్చుకుంటే మరో 3.2 కలిసింది. శోషణ 10.2, కాలం 0.66 సెకను!

చూశారా! మూడు సెకన్లు ముప్పావు సెకను లోపుకు దిగింది. దీనికైన ఖర్చు? ఒక్క పైసా లేదు. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా, గది ఎంత ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది.

అయితే ఒక మాట. తెరిచిన కిటికీ మీ గదికి శోషణ. పొరుగింటికి మాత్రం అదే స్పీకరు! పక్కింట్లో పదో తరగతి పరీక్షలకు చదువుకునే అక్క ఉందేమో చూసుకోండి. అవసరమైతే కిటికీ మూసి ఇంకో బొంత పరచండి. ఇక గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే మోత తగ్గుతుందని కొందరంటారు. పలచని అట్ట పీల్చుకునేది తక్కువ. మంద్రస్వరాలకైతే అది ఏ పనీ చేయదు. ధ్వనిని పీల్చడానికి మందం కావాలి.

మూలలో మోత

స్పీకరును గోడకు దగ్గరగా జరిపితే మంద్రస్వరాలు పెరుగుతాయి. మూలలో పెడితే మరీ పెరుగుతాయి. నేలా, రెండు గోడలూ కలిసి ఆ ధ్వనులను ఒకే వైపుకు మళ్లిస్తాయి. కొంచెమైతే బాగుంటుంది, ఎక్కువైతే మాటలను మింగేస్తుంది. అందుకని స్పీకరును వెనక గోడకు ఒక జానెడు, మూరెడు ఎడంగా పెట్టి విని చూడండి.

గది పొడవు 4 మీటర్లయితే 8 మీటర్ల పొడవైన అలలో సగం అందులో సరిగ్గా ఇముడుతుంది. 350ని 8తో భాగిస్తే సుమారు 44 హెర్ట్జ్. ఆ పౌనఃపున్యం వద్ద గది ఊయలలా అనునాదం చెందుతుంది. గోడల దగ్గర ఆ మోత ఎక్కువగా ఉంటుంది, సరిగ్గా నడుమ దాదాపు ఉండదు. అందుకే ఒకే పాట కుర్చీని అరమీటరు జరిపితే వేరుగా వినిపిస్తుంది.

మంద్రస్వరాల పెట్టెను ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒక తమాషా ఉపాయం ఉంది. పెట్టెను మీరు కూర్చునే చోట పెట్టండి. పాట పెట్టి, మీరు గోడల వెంట నేలమీద పాకుతూ వినండి. ఎక్కడ మోత సమంగా, శుభ్రంగా వినిపిస్తే అక్కడికి పెట్టెను మార్చి మీరు మీ చోటికి వచ్చి కూర్చోండి. ధ్వని అటునుంచి ఇటు వచ్చినా ఇటునుంచి అటు పోయినా దారి ఒక్కటే కదా!

తీగలు, జాగ్రత్తలు

విడిగా ఆంప్లిఫయరు, స్పీకర్లు కొంటే వాటిని కలిపే తీగ గురించి తెలుసుకోవాలి. పొడవు పెరిగినకొద్దీ తీగ నిరోధం పెరుగుతుంది. స్పీకరు 10 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 20 మీటర్ల తీగ. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ అయితే ఆ నిరోధం 0.23 ఓమ్ మాత్రమే. 8 ఓమ్‌ల స్పీకరు ముందు అది లెక్కలోనిది కాదు. కనుక మామూలు మంచి రాగితీగ చాలు. వేలు పోసి మెరుపు తీగలు కొనక్కర్లేదు.

కాని ప్లస్, మైనస్‌లు మాత్రం తారుమారు కాకూడదు. ఒక స్పీకరుకు తారుమారైతే ఒక శంకువు ముందుకు వచ్చినప్పుడు రెండోది వెనక్కి పోతుంది. ఒకటి నొక్కిన గాలిని మరొకటి పలచన చేస్తుంది. మంద్రస్వరాలు మాయమవుతాయి, గాయకుడు ఎక్కడున్నాడో తెలియదు. గుర్తులు చెరిగిపోయిన స్పీకరయితే, దాన్ని ఆంప్లిఫయరు నుంచి పూర్తిగా విడదీసి, 1.5 వోల్టుల టార్చి సెల్లును దాని తీగలకు ఒక్క క్షణం తాకించండి. శంకువు ముందుకు వస్తే సెల్లు ప్లస్ తాకిన కొనే స్పీకరు ప్లస్. ఒకే చోటికి రెండు స్పీకర్లు కలిపితే నిరోధం సగమవుతుంది. రెండు 8 ఓమ్‌లు కలిసి 4 ఓమ్‌లవుతాయి. ఆంప్లిఫయరు దానికి తగినది కాకపోతే వేడెక్కి చెడిపోతుంది.

గుర్తుంచుకోండి: గోడలోని ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. అది ప్రాణం తీయగలదు. పెట్టె మూత మీరెప్పుడూ విప్పవద్దు. స్విచ్చి ఆపినా లోపలి భాగాల్లో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే మూడో పిన్నును విరవకూడదు. ఎర్తు తీగ దానికే ఉంటుంది. పెట్టె వెనక గాలి ఆడే చోటు వదలండి. ఉరుములు మొదలయ్యే సూచన కనిపించగానే పెద్దవాళ్లతో చెప్పి ప్లగ్గు తీయించండి.

నాయనమ్మకు ఏం వినిపిస్తోంది?

ఇక నాయనమ్మ దగ్గరికి వద్దాం. ఈ నాలుగు మాటలు పైకి చదవండి: కాలు, చాలు, తాలు, పాలు. వీటిలో తేడా ఎక్కడుంది? మొదటి హల్లులోనే కదా! 'ఆ' వంటి అచ్చులలోని శక్తి ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. హల్లులను వేరుచేసే చిన్న చిన్న చప్పుళ్లు ఎక్కువగా హెచ్చు పౌనఃపున్యాలలో ఉంటాయి. వయసుతోపాటు చెవి ముందుగా కోల్పోయేది ఆ హెచ్చు పౌనఃపున్యాలనే. కనుక నాయనమ్మకు నాలుగు మాటలూ 'ఆలు' అన్నట్టే వినిపిస్తాయి. వడ్లలో తాలు సంగతి చెబుతున్నారో, పాల ధర చెబుతున్నారో ఆమెకు తెలియదు! "సప్పుడు ఇనస్తుంది గని మాట సమజైతలేదు" అని ఆమె అన్నది అక్షరాలా నిజం.

మరి పెట్టెను బిగ్గరగా పెడితే? అచ్చులు, మంద్రస్వరాలు, గది మోత కూడా బిగ్గరవుతాయి. హల్లులు వాటి కింద ఇంకా మునిగిపోతాయి. ఆమెకు కావలసింది హోరు కాదు, స్పష్టత. గదిలో ప్రతినాదం తగ్గించాలి. మంద్రస్వరాల మీటను తగ్గించాలి. ఆమె కుర్చీని స్పీకరుకు ఒక మీటరు దూరానికి జరపాలి. దూరం సగమైతే నేరుగా వచ్చే ధ్వని 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. గది మోత మాత్రం అంత పెరగదు. వీటితోపాటు చెవి డాక్టరు దగ్గర పరీక్ష కూడా చేయించాలి. కొన్నిసార్లు చెవిలో గులిమి గట్టిపడినా వినికిడి తగ్గుతుంది. వినికిడి యంత్రం ఎంతోమందికి మాటలను తిరిగి తెచ్చి ఇస్తుంది.

అన్నకూ ఒక మాట చెప్పాలి. మన లోపలి చెవిలో, ఒక్కొక్క వైపున, సుమారు 15,000 కేశకణాలు ఉంటాయి. ధ్వనిని మెదడుకు అందజేసేది అవే. హోరుకు అవి దెబ్బతింటే మళ్లీ మొలవవు. ఉద్యోగస్థలాల్లో 85 డెసిబెల్‌ల మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని నిపుణులు సూచిస్తారు. అక్కడినుంచి 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా కాలం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. 100 డెసిబెల్‌లకు పావుగంటే! పిల్లలు పాటలు వినేటప్పుడు 75 డెసిబెల్‌లు, వారానికి 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నాయనమ్మకు వయసు వల్ల పోయిన వినికిడిని అన్న కోరి పోగొట్టుకోవడం తెలివైన పనేనా? పైగా 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు మించరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. వీధి చివరిదాకా వినిపించే పెట్టె మన వీధికే పనికిరాదన్న మాట!

చివరికి ఏం కొన్నారు?

మన ఊహలోని ఇంటివాళ్లు లెక్కలన్నీ వేసుకున్నారు. వెయ్యి వాట్ల పెట్టెను వదిలేసి, ఒక్కోదానికి 25 వాట్ల చొప్పున రెండు విడి స్పీకర్లున్న సెట్టు కొన్నారు. 3.5 మీటర్ల గోడ ముందు, 2 మీటర్ల ఎడంగా, స్టూళ్ల మీద చెవి ఎత్తులో నిలిపారు. అమ్మ బొంత పరిచింది. అన్న కళ్లు మూసుకుని కూర్చుని, పాడే ఆమె తలుపు దగ్గర నిలబడినట్టుందే అని ఆశ్చర్యపోయాడు. నాయనమ్మ కుర్చీని ముందుకు జరిపారు. సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం మొదలైంది. కాసేపు విని ఆమె, "తాలు లేకుంట ఎండబెట్టి తేవాల్నంట!" అంది. మిగిలిన డబ్బును నాన్న ఆమె చెవి పరీక్షకని విడిగా దాచాడు.

మీరూ చేసి చూడండి. పాడైపోయిన రేడియోలోంచి పెద్దవాళ్లు తీసి ఇచ్చిన చిన్న స్పీకరుకు పాట వచ్చే తీగలు కలిపించి, దాన్ని చేతిలో పట్టుకుని వినండి. తర్వాత ఒక పెద్ద గట్టి అట్టకు స్పీకరంత రంధ్రం చేసి, దాని వెనక స్పీకరును ఆనించి వినండి. పాట ఒక్కసారిగా నిండుగా మారుతుంది. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. ఆ తర్వాత టేపు తీసుకుని మీ గదిని కొలవండి, సబీన్ లెక్క వేయండి. వస్తువులు లేని ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి వినండి. బొంతలు పరిచాక మళ్లీ కొట్టి వినండి. మీ లెక్క నిజమో కాదో మీ చెవులే చెబుతాయి. మీ ఇంట్లోనూ "మాట సమజైతలేదు" అనే పెద్దవాళ్లుంటే, మీటను పెంచే ముందు వాళ్ల కుర్చీని జరిపి చూడండి!